శ్రావణంలో గో-లైవ్

మాదాపూర్‌లో ఒక ఆఫీసు, నాలుగో అంతస్తు. గది పేరు గోదావరి. సోమవారం సాయంత్రం 4 గంటలకి ఆ గది మీ టీము పేరున బుక్కయింది. 4 దాటినా లోపల వేరే టీము కూర్చునే ఉంది. అద్దం తలుపు మీద వేలితో తట్టారు. లోపలి నుంచి ఒకాయన రెండు వేళ్లు చూపించాడు. అవి రెండు నిమిషాలు కావని మీకు తెలుసు. కారిడార్ గోడకి ఆనుకుని, ల్యాప్‌టాప్‌ని ఎడమ ముంజేతి మీద నిలబెట్టుకుని, ఫ్రీప్లేన్ అనే మైండ్ మ్యాపు ప్రోగ్రాం తెరిచారు.

తెర మధ్యలో ఒకే ఒక పెట్టె. అందులో "శుక్రవారం గో-లైవ్" అని కొట్టారు, అంటే కొత్త సిస్టమ్ వాడకంలోకి వచ్చే రోజు. మీటింగు మెయిల్లో ఎజెండా మూడు లైన్లే: టెస్టింగ్ ఎక్కడిదాకా వచ్చింది, పాత డేటాని కొత్త డేటాబేసులోకి ఎక్కించడం, ఆ రోజు ఎవరెవరు ఉండాలి. మూడు లైన్లూ కాపీ చేసి మధ్య పెట్టె మీద పేస్టు చేస్తే లైనుకో కొమ్మ వచ్చింది. నాలుగోది మీరే కలిపారు: "తర్వాత చూద్దాం". ఇది లేకుండా మాత్రం ఏ మీటింగులోకీ వెళ్లకూడదు. క్యాబ్ టైమింగులు, క్యాంటీన్ కూపన్లు, పోయిన నెల తేలకుండా మిగిలిన గొడవ, అన్నిటికీ అదే చోటు. ఇంతకంటే ముందస్తు ఏర్పాట్లు వద్దు. ఇంటి దగ్గర కూర్చుని ముప్పై కొమ్మలు వేసుకొచ్చేవాళ్లుంటారు. వాళ్లు మీటింగు వినరు, తమ కొమ్మల్లో ఏది నిండిందా అని చూసుకుంటూ కూర్చుంటారు.

తలుపు తెరుచుకుంది. గదిలో ఇంకా పాత టీము తిన్న సమోసాల వాసన. బోర్డు మీద ఎవరివో బాణాలు, డబ్బాలు, వాటి కింద ఎర్రటి అక్షరాలతో "చెరపొద్దు". మేనేజర్ గారు స్పీకర్ ఫోను మధ్యకి జరిపి, "చెన్నై ఉన్నారా?" అని అడిగారు. అవతల ఎవరో ఉన్నామన్నారు, ఎవరో మ్యూట్‌లో మాట్లాడారు. నోట్సు ఎవరు తీస్తారని ఎవరూ అడగలేదు. టీములో ఆఖరున చేరింది మీరు. ఆ ఉద్యోగం మీకు ఆఫర్ లెటర్‌లో రాయకుండా ఇచ్చారు.

ఎజెండాలో మొదటిది టెస్టింగ్. టెస్టింగ్ లీడ్ ఎదురుగానే కూర్చుంది. కానీ ఆవిడ ఎత్తుకున్నది వేరు.

"సర్, ముందు ఒక మాట. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం."

"అయితే?"

"అయితే ఏముంది సర్, మా వాళ్లు నలుగురు లీవు పెట్టారు. నేనూ పెట్టాను."

"డేటు క్లయింటు ఇచ్చిందమ్మా. చికాగోలో వాళ్లకి శ్రావణమాసం అంటే ఏం తెలుస్తుంది!"

చూశారా, మూడో అంశంతో మొదలైంది. నోట్‌బుక్కులోనో వర్డ్‌లోనో రాస్తుంటే ఇక్కడే ఒక చిన్న తడబాటు. మొదటి హెడ్డింగు కింద రాయాలా, మూడోదానికి చోటు వదిలి రాయాలా? మీకా బాధ లేదు. కింది బాణం నొక్కుకుంటూ మూడో కొమ్మ మీదికి వెళ్లి ట్యాబ్ కొట్టారు. కొత్త పిల్ల కొమ్మ వచ్చింది. "వ్రతం: టెస్టింగ్‌లో ఐదుగురు శుక్రవారం ఉండరు". ఎంటర్ ఒకసారి కొడితే రాత ముగిసింది. ఇంకోసారి కొడితే దాని కిందే ఇంకో కొమ్మ వచ్చి, తర్వాతి మాట కోసం ఖాళీగా నిలబడింది.

"ఒక్క నిమిషం," అన్నాడు పక్కనున్న డెవలపర్. "కొత్తదానికి మారే కటోవర్ చికాగో టైము శుక్రవారం రాత్రి 9 కదా. అంటే మనకి శనివారం పొద్దున 7:30. వ్రతానికీ దానికీ సంబంధమే లేదు."

"శనివారం పొద్దున మేం వస్తాం బాబూ. శుక్రవారం సాయంత్రం ఆఖరి రౌండు టెస్టింగ్ ఎవరు చేస్తారు? అదీ నా ప్రశ్న."

ఇప్పుడు మీరు రాసిన మాట తప్పు చోట ఉంది. అది మనుషుల సమస్య కాదు, టెస్టింగ్ షెడ్యూలు సమస్య. కంట్రోల్ ఎక్స్, పైకి రెండు కొమ్మలు, కంట్రోల్ వీ. తన పిల్లలతో సహా ఆ కొమ్మ టెస్టింగ్ కిందికి వచ్చి కూర్చుంది. మాట్లాడేవాళ్లు ఊపిరి తీసుకునేంతలో అయిపోయింది. కాగితం మీద ఇది కుదరదు. కొట్టేసి, బాణం గీసి, అంచున ఇరికించి రాసుకోవాలి. మైండ్ మ్యాపులు కంప్యూటర్‌లోకి రావడానికి ఒక కారణం ఈ ఇబ్బందే. మైక్ జెటర్ అనే ప్రోగ్రామర్ లుకేమియాకి ఎముక మజ్జ మార్పిడి చేయించుకుని కోలుకుంటున్న రోజుల్లో, 1990ల మధ్యలో, మైండ్‌మేనేజర్ రాశాడు. కాగితం మీద గీసిన మ్యాపుని మార్చుకోలేకపోవడమే ఆయనకి కంటకమైంది. ఆ సాఫ్ట్‌వేర్ చేతులు మారి 2016లో కోరెల్ సంస్థకి చేరింది. కంపెనీ డబ్బు కడితే అది వాడొచ్చు. మీ కంపెనీ కట్టదు కాబట్టి మీరు ఫ్రీప్లేన్‌లో ఉన్నారు. ఇది ఫ్రీమైండ్ అనే పాత ఉచిత ప్రోగ్రాం నుంచి చీలి వచ్చింది. చూడ్డానికి అందంగా ఉండదు. మీటింగులో అందం ఎవరికి కావాలి?

మాట మళ్లీ మనుషుల మీదికి పోయింది.

"డేటాబేసు అన్న కూడా ఉండడు సర్. చెల్లెలి పెళ్ళి, తణుకులో. గురువారం నుంచి సోమవారం దాకా లీవు."

"అవును, నాకు చెప్పాడు. అప్రూవ్ చేశాను."

"కార్డు వాట్సాప్‌లో పెట్టాడు. చూశారా? అందరూ రావాలన్నాడు."

"గో-లైవ్ పెట్టుకుని తణుకు ఎక్కడికి పోతాం!"

నవ్వులు. తణుకు దగ్గర ఏ స్వీటు బాగుంటుందో కాసేపు నడిచింది. మీరు మూడో కొమ్మ కింద "డేటాబేసు అన్న లీవు: గురు నుంచి సోమ, చెల్లెలి పెళ్ళి" అని రాసి వదిలేశారు. ఎవరికీ అందులో ప్రమాదం కనిపించలేదు. మీకూ కనిపించలేదు.

ఈసారి నిజంగా టెస్టింగ్ మొదలైంది, అదీ వేగంగా. తెరిచి ఉన్న డిఫెక్టులు 14. వాటిలో ముఖ్యమైనవి 3. ఒకటి ప్రీమియం లెక్కలో పైసల తేడా, ఒకటి పాలసీ పీడీఎఫ్‌లో పేరు సగం తెగిపోవడం, మూడోది ఎవరికీ మళ్లీ చేసి చూపించడం రావట్లేదు. లీడ్ ఆగకుండా చెప్తోంది. మీ వేళ్లు ఆవిడ మాటని మాటగా కొట్టేయాలని చూస్తున్నాయి. టైపింగు వచ్చినవాళ్లందరికీ ఉన్న జబ్బు ఇది. 2014లో పామ్ ముల్లర్, డేనియల్ ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల చేత ఉపన్యాసాలు వినిపించి, ల్యాప్‌టాప్‌లో నోట్సు తీసుకునేవాళ్లు చేత్తో రాసేవాళ్లకంటే ఎక్కువగా విన్నది విన్నట్టు దించేస్తారని గమనించారు. అర్థం అడిగే ప్రశ్నల్లో వాళ్లు వెనకబడ్డారని కూడా రాశారు. ఆ రెండో మాట తర్వాతి వాళ్లు మళ్లీ చేసి చూసినప్పుడు అంత గట్టిగా నిలబడలేదు. మొదటి మాట మాత్రం ఏ మీటింగులోనైనా మీ పక్కవాడి తెర చూస్తే తెలుస్తుంది.

మ్యాపులో విన్నది విన్నట్టు దించడం కుదరదు. ప్రతి మాటకీ ముందు ఒక ప్రశ్న వచ్చి అడ్డం నిలుస్తుంది: ఇది దేని కింద? పైసల తేడా డిఫెక్టు కిందా, పాత డేటా కిందా? ఆవిడ చెప్తున్నది వింటే పాత డేటాలోనే పైసలు రెండు రకాలుగా దాచారట. అయితే అది డిఫెక్టుల కింద కాదు, రెండో కొమ్మ కింద. ఆ చోటు తేల్చుకోవడానికి మీరు వాక్యం చివరిదాకా వినాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ చేసిన మేలు ఇంతే, కానీ చిన్నది కాదు.

ఇంకో మాట. ఈ పద్ధతికి ప్రచారం తెచ్చిన టోనీ బుజాన్ 1974లో బీబీసీ టీవీలో దీని గురించి కార్యక్రమాలు చేశాడు. ఆయన నియమాల్లో ఒకటి, గీతకి ఒకే మాట ఉండాలని. రంగులు వాడాలి, గీతలు వంపు తిరగాలి, మధ్యలో బొమ్మ ఉండాలి అని కూడా. పరీక్షలకి చదివే పిల్లలకి అది బాగానే ఉంటుందేమో. లండన్‌లో వైద్య విద్యార్థుల మీద జరిగిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది. వారం తర్వాత అడిగితే మ్యాపు గీసినవాళ్లకి కాస్త ఎక్కువ గుర్తుంది. కానీ ఆ పద్ధతి మీద వాళ్లకి ఉత్సాహం మాత్రం తక్కువే. మీటింగులో మీకు కావలసింది జ్ఞాపకశక్తి కాదు. "పీడీఎఫ్" అని ఒక్క మాట రాసుకుంటే గురువారానికి అదేమిటో మీకే తెలియదు. "పీడీఎఫ్‌లో పేరు తెగుతోంది, బుధవారానికి సరిచేయాలి" అని క్రియాపదంతో రాయండి. బుజాన్ ఒప్పుకునేవాడు కాదు. ఆయన మీ స్టేటస్ కాల్‌లో ఎప్పుడూ కూర్చోలేదు.

డిఫెక్టుల సంగతి ముగిసింది. ఆ కొమ్మ మీద నిలబడి స్పేస్ బార్ నొక్కారు. పద్నాలుగూ ముడుచుకుని ఒక చిన్న చుక్కలోకి వెళ్లిపోయాయి. తెర ఖాళీ అయింది. ఇప్పుడు విచ్చుకుని కనిపించాల్సినవి రెండే: పాత డేటా, మనుషులు.

"నీ తెర షేర్ చెయ్, చెన్నైవాళ్లు కూడా చూస్తారు," అన్నారు మేనేజర్ గారు.

వీలైతే ఇక్కడ కాస్త నసగండి. కేబుల్ సరిగ్గా లేదనండి, ఇంకా పూర్తి కాలేదనండి. మ్యాపు గోడ మీద పడిన మరుక్షణం మీటింగు సంగతి ఆగిపోతుంది, మ్యాపు సంగతి మొదలవుతుంది. ఒకరు తన పేరు పక్కనున్న మాట చదివి "నేనలా అనలేదే" అంటారు. ఇంకొకరు రంగు మార్చమంటారు. మూడో ఆయన "ఇదేం సాలెగూడండీ!" అని, ఎక్సెల్‌లో పెట్టలేరా అని అడుగుతారు. చివరి పది నిమిషాల్లో, నిర్ణయాలు సరిచూసుకునేటప్పుడు చూపించడం మంచిది. అంతవరకూ అది మీ ఒక్కరిదే.

మీరు నసిగారు. మేనేజర్ గారు సరేనన్నారు. చెన్నై గొంతు అందుకుంది. డేటా ఎక్కించే స్క్రిప్టు పూర్తవడానికి మూడున్నర గంటలు. మధ్యలో ఆగిపోతే అప్పటిదాకా ఎక్కింది వెనక్కి తీసి మళ్లీ మొదటి నుంచి నడపాలి. పోయిన ట్రయల్‌లో ఒకసారి ఆగింది.

"ఆగితే ఎవరు చూస్తారు?" అని అడిగింది చెన్నై.

"అది మా డేటాబేసు అతను చూసుకుంటాడు. స్క్రిప్టు రాసింది అతనే," అన్నారు మేనేజర్ గారు. ఎవరూ తల ఎత్తలేదు. చెన్నై కూడా ఓకే అంది.

మీరు రెండో కొమ్మ కింద రాస్తున్నారు: "స్క్రిప్టు ఆగితే మళ్లీ నడిపేది డేటాబేసు అన్న". చివరి అక్షరం కొట్టి కళ్లు కిందికి దించితే, నాలుగు వేళ్ల దూరంలో అదే పేరు. మూడో కొమ్మ కింద, పెళ్ళి పక్కన. రెండిటినీ ఎంచుకుని ఒక బాణం గీశారు. ఫ్రీప్లేన్‌లో కొమ్మలకి సంబంధం లేకుండా అడ్డంగా ఎటునుంచి ఎటైనా ఇలా గీత కలపొచ్చు. ఆ గీత తెర మీద వంకరగా, కొంచెం వికారంగా పడింది.

ఇప్పుడు మీకు ఇష్టం లేని పని ఒకటి చేయాలి. మాట్లాడాలి.

"సర్, ఒక్క నిమిషం. శనివారం పొద్దున ఆయన తణుకులో ఉంటారు కదా."

స్పీకర్ ఫోనులో ఎవరిదో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. మేనేజర్ గారు పెన్ను మూత తీసి మళ్లీ పెట్టారు. "పెళ్ళికొడుకు వాళ్లు దిగే టైముకి ఇతను ల్యాప్‌టాప్ తెరిస్తే వాళ్ల నాన్న చంపేస్తాడు," అన్నాడు డెవలపర్. ఇంకెవరికైనా ఆ స్క్రిప్టు తెలుసా? తెలియదు. దానికి రాసిపెట్టిన కాగితం ఉందా? సగం ఉంది. లీవు అడిగినప్పుడు అప్రూవ్ చేసింది మేనేజర్ గారే, స్క్రిప్టు అతనికి అప్పజెప్పిందీ ఆయనే. రెండూ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మెయిళ్లలో జరిగాయి. మ్యాపు లేకపోయినా ఈ సంగతి ఎవరికో ఒకరికి తట్టేదే. శనివారం పొద్దున 9 గంటలకి.

ఆరు నిమిషాల్లో తేలింది. చెన్నై నుంచి ఒకరు రేపే అతని దగ్గర కూర్చుని స్క్రిప్టు నేర్చుకుంటారు. బుధవారం ట్రయల్‌ని అతను ముట్టుకోకుండా ఆ చెన్నై మనిషే నడపాలి. నడిపితేనే గో-లైవ్, లేకపోతే వచ్చే వారం. ఆ మూడు మాటల పక్కనా మీరు పచ్చ టిక్కు గుర్తు పెట్టారు. నిర్ణయానికి ఒక గుర్తు, చేయాల్సిన పనికి ఒక గుర్తు. అంతకు మించి గుర్తులు వాడితే వాటి అర్థం మీకే గుర్తుండదు. ఫ్రీప్లేన్‌లో జెండాలూ నవ్వు ముఖాలూ బోలెడున్నాయి, వాటి జోలికి పోకండి.

అంతా బాగుందనుకునేలోపు ఇంకో పేచీ వచ్చింది. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది, అందుకే డిఫెక్టులు మిగిలాయని టెస్టింగ్ లీడ్ అంది. మీరు అడిగిందే ఆలస్యంగా అని చెన్నై అంది. "ఇందాక మీరే కదా ఒప్పుకున్నారు," అంది ఆవిడ. "ఎప్పుడు ఒప్పుకున్నాం?" అంది చెన్నై. అందరూ మీ వైపు తిరిగారు.

మీ మ్యాపులో ఆ మాట ఉంది. కానీ ఎవరు ముందన్నారు, ఎవరు దానికి జవాబుగా ఏమన్నారు అన్న వరస లేదు. మీరే కదా మాటల్ని వచ్చిన వరస నుంచి పీకి వాటి వాటి చోట పెట్టారు. మైండ్ మ్యాపుకి ఉన్న అసలైన లోటు ఇదే, అమ్మేవాళ్లు దీని మాట ఎత్తరు. వరస పూర్తిగా పోదు నిజానికి. ఫ్రీప్లేన్ దాచే ఎమ్ఎమ్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ప్రతి కొమ్మ పక్కనా అది పుట్టిన క్షణం రాసి ఉంటుంది, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన మిల్లీసెకన్లలో. పదమూడు అంకెల ఆ సంఖ్యని గదిలో అందరూ చూస్తుండగా గంటలూ నిమిషాల్లోకి మార్చి చదివి వినిపించలేరు. వినిపించినా అది మీరు రాసిన టైమే తప్ప ఎవరు అన్నారన్నది అందులో ఉండదు. కాబట్టి గొడవ వాసన రాగానే ఆ కొమ్మ చివర పేరులో మొదటి అక్షరం వేసుకోండి. అసలు గొడవే విషయమైన మీటింగులు కొన్ని ఉంటాయి. హెచ్ఆర్ విచారణ, వెండర్‌తో బిల్లు తగాదా, జీతాల మాట. వాటికి మ్యాపు వాడకండి. అక్కడ పాత పద్ధతిలో పై నుంచి కిందికి టైము వేసి రాసుకోవడమే న్యాయం.

పేచీని మేనేజర్ గారు "తర్వాత చూద్దాం" అన్నారు. దానికి మీ దగ్గర కొమ్మ సిద్ధంగానే ఉంది.

5 గంటలకి తలుపు మీద ఎవరో వేలితో తట్టారు. ఈసారి మేనేజర్ గారు రెండు వేళ్లు చూపించారు.

సీటు దగ్గరికి వచ్చి టీకి లేవకండి. ఇంకా పావుగంట పని ఉంది, అది ఇప్పుడే చేయాలి. రేపటికి సగం కొమ్మలు మీకే గుర్తుకురావు. మడిచినవన్నీ విప్పండి. టిక్కు గుర్తున్న వాటిని వెతికి ప్రతిదానికీ ఒక మనిషి, ఒక తేదీ ఉన్నాయో లేదో చూడండి. "మనవాళ్లు చూస్తారు" అని ఒకటి కనిపిస్తుంది. ఏ మనవాళ్లు? లేచి వెళ్లి అడగండి. ఆ తర్వాత మధ్య పెట్టె మీద నిలబడి మొత్తం కాపీ చేసి మెయిల్లో పేస్టు చేస్తే, కొమ్మలన్నీ మెట్లు మెట్లుగా జరిగిన లైన్లయి దిగుతాయి. కొట్టేయాల్సినవి కొట్టేసి, మూడు భాగాలు చేయండి: నిర్ణయాలు, పనులు, తేలనివి. స్వీట్ల సంగతి తీసేయండి. మ్యాపు బొమ్మని మెయిల్‌కి అంటించకండి. గీసినవాళ్లకి తప్ప అది ఎవరికీ అర్థం కాదు, అర్థమైనట్టు మర్యాదకి తల ఊపుతారంతే. గీస్తుండగా మీరు పడిన ఆలోచన బొమ్మలో ఉండదు, మీ దగ్గరే ఉంటుంది.

ఒక జాగ్రత్త. బ్రౌజర్‌లో తెరుచుకునే మైండ్‌మీస్టర్ లాంటివి హాయిగా ఉంటాయి, నలుగురూ కలిసి ఒకేసారి గీయొచ్చు. కానీ అప్పుడు మీ మ్యాపు ఉండేది వాళ్ల సర్వర్‌లో. క్లయింటు పేరు, డిఫెక్టుల చిట్టా, ఎవరు ఎప్పుడు లీవులో ఉంటారో, అన్నీ బయటివాళ్ల దగ్గర పెట్టినట్టే. ఐటీ డిపార్ట్‌మెంటుని అడిగి, వాళ్లు సరేనన్నదే వాడండి. ఫ్రీప్లేన్ ఫైలు మీ మెషీన్‌లోనే ఉంటుంది, అయినా ఇన్‌స్టాల్ చేసే ముందు అడగాల్సిందే.

5:25కి మెయిలు పంపారు. డేటాబేసు అన్న కాపీలో ఉన్నాడు. షాపింగు మధ్యలో ఉన్నాడో ఏమో, ఫోను నుంచే జవాబిచ్చాడు: "రేపు 11 గంటలకి చెన్నైవాళ్లకి నేర్పిస్తా. పెళ్ళికి మాత్రం అందరూ రావాలి."

రేపు మీకూ ఒక మీటింగు ఉండే ఉంటుంది. ఈ రాత్రే ఏదో ఒక మ్యాపు ప్రోగ్రాం తెరిచి, టీవీలో వార్తల చర్చ ఒకటి పెట్టుకుని, పది నిమిషాలు గీసి చూడండి. ట్యాబ్, ఎంటర్, స్పేస్, ఒక కొమ్మని తీసి ఇంకోచోట పెట్టడం. ఈ నాలుగూ చూడకుండా చేతికి రావాలి. రాకపోతే రేపటి మీటింగుకి మామూలు నోట్‌బుక్కే తీసుకెళ్లండి.